‘ఎవరు?’ అను పుస్తకము



మన బ్లాగరులలో కొందరు ఉచితపు గూళ్ళను విడిచి సొంత పేరుతో డొమైనులు కొనుక్కొన్నారు. నేను ఇంకను అద్దె లేని ఇంటిలోనే ఉన్నాను. కొన్నవారందరును కొనుగోలునాడు ఒక పత్రము నింపియుందురు: పేరు, ఇంటి చిరునామా, పిన్‌కోడు, ఫోను నంబరు, ఈమెయిలు. డబ్బు కట్టు తొందరలో దానిని శ్రద్ధగా చదివినవారు అరుదు. 2018 మే నెలకు ముందు .కామ్ వంటి పేరు కొని, దాపరికమునకు వేరుగా ఏర్పాటు చేసికొననివారి వివరములన్నియు లోకములో అడిగిన ప్రతివానికిని కనబడినవి. అడుగువాడెవడని ఎవరును అడుగలేదు. ఆ పుస్తకమునకు హూఈజ్ అని పేరు. తెలుగున చెప్పవలెనన్న ‘ఎవరు?’ అనియే.

1982లో పుట్టి 2025లో .కామ్ వంటి పేర్ల విషయమున అధికారికముగా విరమించిన ఈ పుస్తకమునకు నలువదిమూడేండ్ల చరిత్ర ఉన్నది. అందులో నన్ను పట్టి నిలిపినది ఒక్క ముడి. నిజము చెప్పుమనుట ఒక కోరిక. చెప్పినదానిని వీధిలో దండోరా వేయించుట మరియొక పని. ఈ రెండును ఒకటే అనుకొని పెద్దలు చాలకాలము వాదించుకొన్నారు. ఆ వాదము సాగుచుండగా పుస్తకము అబద్ధములతో నిండినది.

మొదటికి పోదము. ఇంటర్నెట్టుకు తల్లియైన ఆర్పానెట్టు 1969లో మొదలైనది. అమెరికా రక్షణశాఖ ధనముతో నడిచిన ఆ వలలో ఏ యంత్రము ఎక్కడ ఉన్నదో, దాని బాధ్యుడెవరో చెప్పుటకు కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఒక సమాచార కేంద్రము ఉండెడిది. 1989 వరకు దానిని నడిపినవారు ఎలిజబెత్ ఫైన్లర్. ‘జేక్’ అని అందరును పిలుచు ఆమె చదివినది జీవరసాయనము, చేసినది పుస్తకపాలనము. వలలోనివారి పేర్లు, చిరునామాలు, టెలిఫోను నంబర్లు గల సూచికను ఆ కేంద్రము అచ్చు వేసి పంచెడిది. టెలిఫోను డైరెక్టరీ వంటిదే, కాకపోతే ఊరికి మారుగా వల.

అచ్చు పుస్తకము చేతికందునాటికి సగము పాతబడును. అందుచేత అదే పట్టికను యంత్రమునే అడిగి తెలిసికొను పద్ధతిని కెన్ హారెన్‌స్టీన్, విక్ వైట్ అను ఇరువురు 1982 మార్చిలో ఆర్ఎఫ్‌సీ 812 అను పత్రములో వివరించినారు. 43వ నంబరు పోర్టునకు ఒక పేరు పంపుము, పంక్తి ముగింపుము. ఆ పేరుగలవాని వివరములు వచ్చును, సంభాషణ ముగియును. ఇంతకంటె సరళమైన ఏర్పాటు ఉండదు. ఆ పత్రములోనే ఒక విజ్ఞప్తి ఉన్నది. వలమీదుగా సమాచారము పంపగల ప్రతి వ్యక్తియు తన పూర్తి పేరు, తపాలా చిరునామా, టెలిఫోను నంబరు కేంద్రములో నమోదు చేసికొనవలెనని. చిరునామాలోని పొడి అక్షరములను కూడ విడదీసి వ్రాయుమన్నారు. తరగతిలో నేను పిల్లలకు చెప్పిన మాటే అది; చదివినప్పుడు సంతోషము కలిగినది.

గమనింపవలసినది ఏమనగా, అప్పటికి ఆ వలలో ఉన్న యంత్రములు రెండువందల పైచిలుకు. వాని వెనుక ఉన్నవారు విశ్వవిద్యాలయముల ఆచార్యులు, సైన్యమువారు, పరిశోధకులు. ఇచ్చినది చాలవరకు కార్యాలయపు చిరునామా. యజమాని జీతమిచ్చు ఫోను. ఒక యంత్రము పిచ్చిపట్టినట్లు వలలోనికి చెత్త కుమ్మరించుచున్నచో అర్ధరాత్రియైనను దాని బాధ్యునికి ఫోను చేయవలెను. అందులకే పుస్తకము. అబద్ధము వ్రాసికొనిన నష్టము తనకే. మా తరమువారికి కరణముగారి దస్త్రము తెలియును. ఎవరి పొలమేదో అడంగలు చూడకయే ఊరందరికి తెలిసియుండును. తగవు వచ్చినప్పుడే పుస్తకము విప్పెదరు. ఆర్పానెట్టు పుస్తకము అట్టి ఊరి పుస్తకము.

ఊరు నగరమైనది. పుస్తకపు నియమము మాత్రము మారలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ డొమైను పేర్ల పద్ధతిని రచించినారు. 1985 మార్చి 15న సింబాలిక్స్.కామ్ అను పేరు నమోదైనది; .కామ్ పేర్లలో అది మొదటిది. 1993 నుండి నమోదు పని నెట్‌వర్క్ సొల్యూషన్స్ అను ప్రైవేటు సంస్థ చేతిలో పడినది. 1995 సెప్టెంబరు వరకు పేరు ఉచితము. అప్పటినుండి రెండేండ్లకు నూరు డాలర్లు. పేరునకు వెల వచ్చిన నాటినుండి దానికి దొంగయు వచ్చినాడు.

ఆ దొంగతనము కథ చెప్పవలెను. 1994లో గేరీ క్రెమెన్ అను ఆయన ఒక పేరు నమోదు చేసికొన్నాడు. ఆ పేరు ఇక్కడ వ్రాయుటకు నా కలము ఒప్పదు. మూడక్షరముల ఇంగ్లీషు మాట, దాని వెనుక.కామ్, అంతమాత్రము చాలును. 1995లో మరియొకడు నెట్‌వర్క్ సొల్యూషన్స్‌కు ఒక దొంగ ఉత్తరము చూపించినాడు. క్రెమెన్ సంస్థయైన ‘ఆన్‌లైన్ క్లాసిఫైడ్స్’ వ్రాసినట్లున్న ఆ ఉత్తరములో, మేము క్రెమెన్‌ను తొలగించినాము, పేరు ఈయనకు ఇచ్చివేయుచున్నాము, మాకు ఇంటర్నెట్టు సదుపాయము లేదు గనుక మా బదులు ఈయనయే మీకు తెలియజేయును అని ఉన్నది! ‘ఆన్‌లైన్’ అని పేరు పెట్టుకొనిన సంస్థకు ఇంటర్నెట్టు లేదట. నెట్‌వర్క్ సొల్యూషన్స్ ఆ ఉత్తరమును నమ్మి పేరు మార్చివేసినది. క్రెమెన్‌ను ఒక్క మాట అడుగలేదు. 2001లో న్యాయస్థానము ఆ దొంగ ఆరున్నర కోట్ల డాలర్లు చెల్లింపవలెనని తీర్పు చెప్పినది. అతడు దేశము దాటినాడు. 2003లో అప్పీలు న్యాయస్థానము డొమైను పేరు కూడ ఆస్తియేననియు, దానిని పరుల పాలు చేసినందుకు నమోదు సంస్థయు జవాబు చెప్పవలసినదేననియు తేల్చినది.

పుస్తకము కచ్చితముగా ఉండవలెనని తరువాత ఎన్నో ఉపన్యాసములు వచ్చినవి. అన్నిటిలోను వేలు చూపినది పేరు కొనినవాని వైపే. ఈ కథలో కొనినవాడు తప్పు వ్రాయలేదు. పుస్తకము చేతిలో ఉంచుకొనినవాడు దానిని విప్పి చూడలేదు.

1998లో ఐకాన్ అను సంస్థ కాలిఫోర్నియాలో ఏర్పడినది. పేర్లు అమ్మువారితో అది 1999లో చేసికొనిన ఒడంబడిక పాత ఊరి నియమమునే శాసనముగా మార్చినది: కొనినవాని పేరు, తపాలా చిరునామా తీసికొనవలెను, వానిని, సంప్రదింపవలసినవారి ఫోను, ఈమెయిలుతో సహా, అందరికిని ఉచితముగా చూపవలెను. ఇప్పుడు కొనువారు ఆచార్యులు కారు. ఇంట్లో కూర్చుండి కవితలు వ్రాసికొనువారు, ఒంటరిగా ఉండు స్త్రీలు, ప్రభుత్వమును విమర్శించువారు, ఊరగాయలు అమ్ముకొనువారు. వారికి కార్యాలయపు చిరునామా లేదు; ఉన్నది ఇల్లే.

నియమము వెనుక ఎవరి ప్రయోజనము ఉన్నదో కూడ మారినది. చెడిన యంత్రమును బాగుచేయుట అను పని వెనుకబడి, వ్యాపార చిహ్నముల యజమానులు ముందుకు వచ్చినారు. వారి వాదమును తీసిపారవేయలేము. 2000 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా టెలిఫోను సంస్థ టెల్‌స్ట్రా వేసిన ఫిర్యాదుపై ఒక నిర్ణయము వచ్చినది. టెల్‌స్ట్రా పేరుతో డొమైను నమోదు చేసికొనినవాడు తన పేరుగా వ్రాసినది ‘న్యూక్లియర్ మార్ష్‌మాలోస్’. అణుశక్తి మిఠాయి అందమా? నమోదు కాని పేరు, నిజము కాని చిరునామా. అట్లు తన్ను తాను దాచికొనుటయే దురుద్దేశమునకు సాక్ష్యములలో ఒకటని నిర్ణేత వ్రాసినాడు. మోసగాని వలన నష్టపోయిన వినియోగదారుడు, పిల్లలకు హాని చేయువారిని వెతుకు పోలీసు, దొంగ బ్యాంకు పేజీని మూయింప చూచువాడు, అందరును ఈ పుస్తకమునే అడిగినారు. వారికి వేరు పుస్తకము లేదు.

అయితే తెరచిన తలుపులో దొరలే వత్తురా? రిజిస్టర్.కామ్ అను సంస్థలో ఆ రోజు పేర్లు కొనినవారి జాబితాను వెరియో అను మరియొక సంస్థ యంత్రములచేత నిత్యము కోయించి, వారికి ఫోనులు చేసి తన సరకు అమ్మజూపినది. 2000లో న్యాయస్థానము దానిని ఆపినది. 2004లో అప్పీలులోను అదే నిలిచినది. పేరు గడువు ముగియుచున్నదనునట్లు బిల్లు వంటి ఉత్తరములు ఇళ్ళకు పంపి డబ్బు రాబట్టిన ఒక సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను 2003లో చర్య తీసికొనినది. పోస్టుమాన్ తెచ్చి ఇచ్చిన ఆ ఉత్తరములకు చిరునామాలు సమకూర్చినది ఏదో వేరుగా చెప్పనక్కరలేదు. ఈ పుస్తకములో కనబడు ఈమెయిలు చిరునామాలకు చెత్త లేఖలు వచ్చునా అని ఐకాన్ భద్రతా సలహాసంఘమువారే పరీక్షించి చూచి, వచ్చును అని 2007లో నివేదించినారు.

ఇక కొనినవారేమి చేసిరి? సగటు మనిషి ఏమి చేయునో అదే. అబద్ధము వ్రాసినారు.

2005 నవంబరులో అమెరికా పార్లమెంటునకు చెందిన లెక్కల తనిఖీ సంస్థ .కామ్, .ఆర్గ్, .నెట్ పేర్లనుండి నమూనా తీసి పరీక్షించినది. 5.14 శాతము, అనగా ఇరువదిమూడు లక్షల పైచిలుకు పేర్లకు, చూడగనే తెలియు అబద్ధపు వివరములు ఉన్నవని అంచనా. ఫోను నంబరు గడిలో అన్నియు తొమ్మిదులు. పిన్‌కోడు గడిలో వరుసగా ఎక్స్ అక్షరములు. వీధి పేరు గడిలో మీటల మీద వేళ్ళు ఆడించిన చప్పుడు. నమ్మదగినట్లు అల్లిన అబద్ధములు ఈ లెక్కలో లేవు. తనిఖీవారు నలువదియైదు తప్పులను పద్ధతి ప్రకారము ఫిర్యాదు చేసి ఒక నెల వేచి చూచినారు. సవరింపబడినవి పదకొండు. ఆపై 2010లో షికాగో విశ్వవిద్యాలయపు నార్క్ సంస్థ ఐకాన్ కొరకు చేసిన అధ్యయనములో, కఠినమైన కొలత ప్రకారము పూర్తిగా సరియైన నమోదులు ఇంచుమించు 23 శాతమే. మిగిలినవన్నియు దొంగలవి కావు. పాతబడినవి, పొరపాటువి, సగము నింపినవి కలసియున్నవి. అయినను నూటికి డెబ్బదియేడు తప్పులున్న జవాబు పత్రమునకు ఏ ఉపాధ్యాయుడైనను ఏమి చేయును?

అమెరికా శాసనకర్తలు శిక్ష పెంచినారు. 2004 డిసెంబరు చట్టము ప్రకారము నేరములో వాడిన డొమైనునకు తెలిసి తెలిసి తప్పుడు వివరములిచ్చిన, ఆ నేరపు శిక్ష ఏడేండ్ల వరకు పెరుగవచ్చును. ఇది నేరస్థునికే గాని భయపడి అబద్ధమాడినవానికి కాదు, ఆ మేరకు నయము. మరియొక వైపు బజారు తన ఉపాయము తాను కనిపెట్టినది. 2002లో గోడాడీ యజమాని ‘డొమైన్స్ బై ప్రాక్సీ’ అను సంస్థను పెట్టినాడు. ఏటా కొంత సొమ్ము ఇచ్చిన పుస్తకములో మీ పేరునకు బదులు వారి పేరు ఉండును. చిరునామా ప్రకటించువారే దానిపై తెర అమ్ముట! దొంగకు తలుపు తీసి దొరను లేపినట్లు అని మనవారు అన్నది ఇట్టి వ్యాపారము గురించియే. గోప్యత అప్పటినుండి డబ్బు గలవాని సదుపాయమైనది. .యూఎస్ పేర్లకు ఆ తెర కూడ వలదని అమెరికా వాణిజ్యశాఖ 2005లో ఆజ్ఞాపించినది. మన .ఇన్ రిజిస్ట్రీయు ప్రాక్సీ నమోదును అనుమతింపలేదు. ఆ రోజులలో దేశాభిమానముతో .ఇన్ కొనిన తెలుగు బ్లాగరి, .కామ్ కొనినవానికంటె ఎక్కువగా వీధిలో నిలిచినాడు.

యూరపు గోప్యతా పర్యవేక్షకులు 2003లోనే చెప్పినారు: ఒక పనికై తీసికొనిన వివరములను మరియొక పనికై లోకమునకంతకు చూపుట తగదని. వినలేదు. 2009 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వముతో ఐకాన్ చేసికొనిన అంగీకారములో, కచ్చితమైన, సంపూర్ణమైన వివరములు ఆటంకము లేక ప్రజలందరికి అందవలెనని ఒకే వాక్యములో వ్రాసినారు. ఆ వాక్యములో రెండు కోరికలు పక్కపక్కనే కూర్చున్నవి, ఎడమొగము పెడమొగముగా. 2013 నాటి కొత్త ఒడంబడిక, కొనినవాని ఈమెయిలు గాని ఫోను గాని పదునైదు దినములలో పనిచేయునో లేదో సరిచూడవలెనని కట్టడి చేసినది. సరిచూచిన నిజమును మరల బజారులోనే పెట్టినారు. అబద్ధమాడి తప్పించుకొను దారి మూసి, దాగు చోటు మాత్రము చూపలేదు. ఈ నలువదియేండ్లలో అన్నిటికంటె అన్యాయమైన కాలము 2013 నుండి 2018 వరకు అని నా అభిప్రాయము.

ముడిని విప్పినది వాదము కాదు, జరిమానా. యూరపు సమాఖ్య చట్టమైన జీడీపీఆర్ 2018 మే 25న అమలులోనికి వచ్చినది. ఉల్లంఘించిన సంస్థకు రెండు కోట్ల యూరోలు గాని, లోకమంతటి రాబడిలో 4 శాతము గాని, ఏది ఎక్కువైన అది, గరిష్ఠ జరిమానా. పదునైదేండ్ల హితవు చేయలేనిది ఆ అంకె చేసినది. ఎనిమిది దినముల ముందు, మే 17న, ఐకాన్ తాత్కాలిక నిబంధన తెచ్చి, వివరములు తీసికొనుడు గాని చూపకుడు అన్నది. జర్మనీలోని ఈపాగ్ అను నమోదు సంస్థ ఇంకొక అడుగు వేసి, పాలనకు ఒకరు, సాంకేతికమునకు ఒకరు అని అదనపు మనుషుల వివరములు అసలు తీసికొననే తీసికొనము అన్నది. ఐకాన్ బాన్ నగరపు న్యాయస్థానమునకు పోయి ఓడినది. మూడు గడులలోను ఒకే మనిషి పేరు వ్రాయుటకు ఇదివరకు మీరే ఒప్పుకొన్నారు గదా, మరి ఆ రెండు గడులు తప్పనిసరి ఎట్లగును? న్యాయాధిపతుల తర్కము అది. పత్రములు నింపి నింపి విసిగినవారికి ఈ తీర్పు అమృతము వంటిది.

పేరు అడిగిన, ‘గోప్యత నిమిత్తము తొలగించినాము’ అను మాట గడి గడిలోను కనబడసాగినది. మోసపు పేజీలను వెంటాడు పరిశోధకులు గగ్గోలు పెట్టినారు. వారిది అబద్ధపు బాధ కాదు. ఒకే దొంగ నూరు పేర్లు కొనినచో, అన్నింటిలోను ఒకే దొంగ ఫోను నంబరు ఉండెడిది. అబద్ధము కూడ వారికి ఆనవాలుగా పనికివచ్చెడిది. ఆ దారము తెగినది. ఇప్పుడు ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క అర్జీ పెట్టవలెను. అర్జీలు అందుకొనుటకు ఐకాన్ 2023 నవంబరులో ఒక ఏర్పాటు మొదలుపెట్టినది గాని, వివరము ఇచ్చుట మానుట అమ్మినవాని నిర్ణయమే.

యూరపువారు 2022 నాటి మరియొక ఆదేశములో మిగిలిన సగమును కూర్చినారు. నమోదు సంస్థలు వివరములను సరిచూడవలెను. సంస్థల వివరములు ప్రకటింపవలెను, వ్యక్తులవి దాచవలెను. న్యాయమైన కారణముతో అడిగినవారికి డెబ్బదిరెండు గంటలలో సమాధానము చెప్పవలెను. ఎవరు అడుగుచున్నారు, ఎందులకు అడుగుచున్నారు అను ప్రశ్న చట్టములోనికి వచ్చినది. ‘ఎవరు?’ అని ఇన్నాళ్ళు ఒకవైపే అడిగిన పుస్తకమునకు ఎదురుప్రశ్న అది. ఈ పద్ధతిలో నిజము చెప్పుటకు మనిషికి వెరపు తగ్గును. అయితే తాళపుచెవి వ్యాపారి చేతిలో ఉన్నంతవరకు, 1995లో పుస్తకము విప్పి చూడని సంస్థ కథ నాకు గుర్తు వచ్చుచునే యుండును.

ఇక మన భాష మాట. ఇంతసేపు కచ్చితత్వము గురించి మాటలాడినవారెవరికిని తట్టని సంగతి ఒకటున్నది. హూఈజ్ పద్ధతిలో ఏ లిపి వాడుచున్నామో తెలుపు మార్గమే లేదు. 2004 సెప్టెంబరులో లెస్లీ డేగిల్ వ్రాసిన ఆర్ఎఫ్‌సీ 3912 ఆ లోపమును ఒప్పుకొనినది, సవరింపలేదు. 2011లో తెలుగు లిపిలో .భారత్ అను కొస ఇంటర్నెట్టు మూలపట్టికలోనికి చేరినది. పేరు తెలుగులో ఉండవచ్చునట, కొనినవాని పేరు మాత్రము పాత పుస్తకములో ఇంగ్లీషు అక్షరములలో నలుగవలెను. ‘ళ’కును ‘ల’కును, ‘ణ’కును ‘న’కును అక్కడ భేదము లేదు. మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు. మన ఇంటిపేరు ముందుండునని వారికి తెలియదు. తెలిసి తెలిసి తప్పు వ్రాయరాదని ఒకవైపు కట్టడి. ఒప్పు వ్రాయుటకు చోటు లేని పత్రము మరియొకవైపు.

పరభాషల వివరములను తప్పనిసరిగా ఇంగ్లీషులోనికి మార్పింపవలెనా అని ఐకాన్‌లో ఒక సంఘము చాలకాలము చర్చించి, 2015లో అక్కరలేదు అన్నది. అదే సంవత్సరము మార్చిలో హూఈజ్‌కు వారసునిగా ఆర్‌డీఏపీ అను కొత్త పద్ధతి ప్రమాణమైనది. అది యూనికోడును మోయగలదు. అడిగినవాని అర్హతను బట్టి కొంత చూపి కొంత దాచగలదు. 2025 జనవరి 28న .కామ్ వంటి పేర్లకు హూఈజ్ నడుపవలెనను విధి తొలగిపోయి ఆ స్థానము దీనికి దక్కినది. ఆగస్టు 21న అమలైన కొత్త విధానము తాత్కాలిక నిబంధనల కాలమును ముగించి, పాలనాపరమైన సంప్రదింపుల గడిని కూడ తీసివేసినది.

సొంత డొమైను గల మిత్రులను ఒకటి అడుగవలెనని ఉన్నది. ఆ పత్రములో చివరి పేరు అను గడిలో మీరు ఇంటిపేరు వ్రాసినారా, మీ పేరు వ్రాసినారా? వ్యాఖ్యలలో తెలుపగలరు. పేర్లు, చిరునామాలు వ్రాయనక్కరలేదు.